ఎడమ చెంప మీద ఏడు గుంటలు

మా క్లినిక్కు వచ్చేవాళ్లలో చాలామంది తలవంచుకుని వస్తారు. దుపట్టా చెంపల మీదికి లాక్కునో, టోపీ కిందికి దించుకునో, ఫోన్ చెవికి ఆనించి ఆ చేత్తోనే సగం మొహం కప్పుకునో. జేవియరన్న మాత్రం తలెత్తుకునే వచ్చాడు. తలవంచుకున్నది హాల్లో కూర్చున్నవాళ్లు.

ఆరడుగుల మనిషి. గుబురు మీసం. చెంపల నిండా మొటిమలు మిగిల్చిన గుంటలు. వాన వెలిసిన చేలో గొర్రెల మంద నడిచిపోతే నేల ఎలా ఉంటుందో అలా ఉన్నాయి. ఒక తల్లి తన పిల్లవాణ్ణి ఒళ్లోకి లాక్కుంది. కాళ్లు బారజాపుకుని కూర్చున్న కుర్రాడు ముడుచుకున్నాడు. ఆయన అదంతా చూశాడు, చూడనట్టే వెళ్లి ఓ మూల నిలబడ్డాడు. అక్కడ ఒక ముసలమ్మ వణికే చేతుల్తో మంచినీళ్ల కుళాయి తిప్పలేక అవస్థ పడుతోంది. ఆయన గ్లాసు అందుకుని, నింపి, ఆమె తాగేదాకా అడుగున చెయ్యి ఆనించి పట్టుకున్నాడు. ఆ ఒక్కటీ చూశాక నాకు ఆయనంటే భయం వెయ్యలేదు.

అప్పట్లో నేను జూబ్లీ హిల్స్‌లో డాక్టర్ మనోజ గారి చర్మం క్లినిక్‌లో పనిచేసేదాన్ని. హైటెక్ సిటీ వైపు అద్దాల మేడలు నెలకొకటి లేస్తున్న రోజులు. మెడలో కంపెనీ కార్డులు వేసుకున్న పిల్లలు సాయంత్రమయ్యేసరికి మా హాలు నింపేసేవాళ్లు. నా పని పెద్దదేం కాదు. వచ్చినవాళ్ల మొహం కడిగించడం, తిమ్మిరెక్కించే క్రీము రాయడం, అది పట్టేదాకా గంటసేపు పక్కనుండటం, సూదులు నడుస్తున్నప్పుడు చెయ్యి పట్టుకోవడం. మా ఊరి బళ్లో ఏడు దాకా చదివిన నాకు స్వామి ఇంతకంటే మంచి పని ఇవ్వలేడనుకునేదాన్ని. రిసెప్షన్ బల్ల మీద చిన్న వెంకటేశ్వరస్వామి పటం పెట్టుకుని, పొద్దున్నే దణ్ణం పెట్టి మొదలుపెట్టేదాన్ని.

ఆయన వెనకాలే ఒక అమ్మాయి వచ్చింది. మెడలో కార్డు, భుజాన ల్యాప్‌టాప్ సంచి.

"పేషెంటు ఎవరమ్మా?" అనడిగాను.

"మా డాడీ ఆంటీ. నా పేరు ఫెబా."

"ముఖానికి పంక్చర్లు వేస్తారంటగా అండీ ఇక్కడ!" అన్నాడాయన నవ్వుతూ. "ఈ టైరుకి చాలా పడతాయి, చూసుకోండి."

లోపల డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. చిన్న రోలరు, దాని నిండా సన్నటి సూదులు. చర్మం మీద దొర్లిస్తే కంటికి ఆననన్ని రంధ్రాలు పడతాయి. వాటిని మాన్పుకోవడానికి చర్మం లోపల్నించి కొత్తగా ఊరుతుంది, గుంటలు మెల్లగా పైకి లేస్తాయి. నెలన్నరకొకటి చొప్పున నాలుగు సిట్టింగులు. పూర్తిగా పోవు, సగానికి సగం తగ్గితే గెలిచినట్టే.

"అంటే దున్నినట్టన్నమాట," అన్నాడు జేవియరన్న. "మరి ఎన్ని సూదులండీ?"

"నూట తొంభై రెండు."

ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "ఒక్క సూదికే మా ఆవిడా, కాంపౌండరూ కలిసి పట్టుకోవాలండీ నన్ను!"

గోడ దగ్గర నిలబెట్టి మొదటి ఫొటో తీసి, క్రీము రాసి కూర్చోబెట్టాక ఫెబా నన్ను బయటికి తీసుకెళ్లి చెప్పింది, ఎందుకు తెచ్చిందో. వాళ్ల కంపెనీలో ఇంటివాళ్లందరినీ పిలిచి ఒక పండగలాగా చేశారట. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు వాళ్ల నాన్నని మూడుసార్లు తడిమి చూశారట. ఆయన లిఫ్టు ఎక్కితే అందులో ఉన్నవాళ్లు దిగిపోయారట. వాళ్ల టీమ్ లీడు గారి చిన్న పాప ఆయన్ని చూసి గుక్కపట్టి ఏడ్చిందట.

"కాసేపయ్యాక చూస్తే డాడీ లేరు ఆంటీ. వెతికితే కింద కార్లు పెట్టే చోట, స్తంభానికి ఆనుకుని భోజనం ప్యాకెట్టు తింటున్నారు. ఇక్కడెందుకున్నావ్ డాడీ అంటే, 'గాలి బాగుందమ్మా ఇక్కడ' అన్నారు." ఆ పిల్ల మెడలోని కార్డు తాడు వేలికి చుట్టుకుంది. "నేల కింద మూడో అంతస్తు ఆంటీ అది. గాలెక్కడుంటుంది?"

వాళ్ల నాన్న చేసే పని కూడా అప్పుడే చెప్పింది. సినిమాల్లో రౌడీ. విలన్ వెనక నిలబడే గుంపులో ఒకడు.

నేను లోపలికి వెళ్లేసరికి ఆయన పటం వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంటున్నాడు. చేతిలో గుణదల మరియమ్మ గుడి నుంచి తెచ్చుకున్న జపమాల ఉంది.

"రెండు చోట్లా చెప్పి ఉంచుతున్నా చెల్లెమ్మా," అన్నాడు. "సూదులు నూట తొంభై రెండు కదా!"

ఆ గంటలోనే ఆయన కథంతా తెలిసింది. ఊరు తెనాలి దగ్గర. వడ్రంగులతో పాటు సెట్లు వెయ్యడానికి హైదరాబాదు వచ్చాడు. ఒకరోజు నిచ్చెన మీద మేకులు కొడుతుంటే కిందనించి ఫైట్ మాస్టర్ చూసి, "ఆ ముఖం ఎవరిదిరా? దింపండి," అన్నాడట. అంతే, సుత్తి వదిలి కత్తి పట్టాడు. ఫిల్మ్ నగర్ గుట్ట వాలులో రెండు గదుల ఇల్లు, ఆ ఇంట్లోంచే కూతురి ఇంజినీరింగు, అన్నీ ఆ గుంటల పుణ్యమే.

"పద్దెనిమిదేళ్లలో నూట నలభై సార్లు చచ్చానండీ. చచ్చిన ప్రతిసారీ భోజనాల గంటకి లేచాను."

అన్నేళ్లలో ఆయన నోటివెంట తెర మీద ఒక్క మాట రాలేదు. అరుపులే. ఆ సంవత్సరమే ఒక సినిమాలో డైలాగు దొరికింది. హీరో ఊరి పొలిమేరలో దిగుతాడు. ఈయన పరుగున వచ్చి విలన్‌తో, "అన్నా, వాడొక్కడే వచ్చాడు," అనాలి. గుంపుతో పాటు ఈయన కెమెరా దగ్గరిదాకా పరిగెత్తుకొచ్చే షాటు తీశారు. ఆయన ముఖం ఒక్కటే కనపడే క్లోజప్పు మర్నాటికి పెట్టుకున్నారు. ఆ సాయంత్రమే హీరో మోకాలు మడతపడింది. షూటింగు ఆగిపోయింది. అప్పటికి నెలయింది.

"పద్దెనిమిదేళ్లు ఎదురుచూశాను. హీరోగారి మోకాలి కోసం ఇంకొన్నాళ్లు ఆగలేనా! అన్నా, వాడొక్కయే వచ్చాయు." క్రీముకి పెదవులు తిమ్మిరెక్కాయి. "చూశారా, సూదులు పడకముందే డైలాగు పోయింది!"

సూదులు నడిచినప్పుడు నేను చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి ఎంతమంది మీదికి గొడ్డలి ఎత్తిందో, నా చేతిలో మాత్రం కోడిపిల్లలా ముడుచుకుంది. ఆయన "మరియమ్మ తల్లీ" అంటున్నాడు, నేను "గోవిందా గోవిందా" అంటున్నాను. "మీ ఇద్దరి మధ్యలో నా చెయ్యి వణుకుతుందమ్మా, ఒక్క నిమిషం ఆగండి," అని డాక్టరమ్మ కసిరి, తనే నవ్వేసింది.

రెండో సిట్టింగుకి వచ్చినప్పుడు భుజాన ఒక సంచి ఉంది. వానాకాలం. తడవకుండా దాన్ని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టాడు.

"ఏందన్నా గంత పైలంగ పట్టుకున్నవ్?" అన్నాను.

విప్పి చూపించాడు. నెత్తురు రంగు మరకలతో చిరిగిన గళ్ల చొక్కా. ఆ షాటులో తొడుక్కున్నది. మామూలుగా కాస్ట్యూమ్ వాళ్ల దగ్గరే ఉండాలి, కానీ ఎలకలు కొడతాయేమోనని బతిమాలి ఇంటికి తెచ్చుకున్నాడట. ఇంట్లో పెడితే వాళ్లావిడ ఒకసారి ఉతకబోయిందట, అందుకని ఇప్పుడు వెంటే తిప్పుతున్నాడు.

"కంటిన్యుటీ చెల్లెమ్మా. ఆ రోజు షాటులో ఎలా ఉన్నానో, క్లోజప్పులోనూ అచ్చం అలాగే ఉండాలి. లేకపోతే జనం నవ్విపోతారు." పదిహేను రోజులకోసారి మంగలి దగ్గరికెళ్లి ఆ రోజున్నంతే జుట్టు ఉంచుకుంటున్నాడు. మీసం వాళ్లావిడ చేత స్కేలు పెట్టి కొలిపిస్తున్నాడు. ముంజేతి తాయెత్తు కూడా అదే ముడితో ఉంది. ఎవరేమన్నా ఆ తాడు మార్చలేదు.

ఆయన శ్రద్ధ చూసి ముచ్చటేసింది. ఈ మాటలన్నీ వింటూ ఆయన చెంపలకి క్రీము రాస్తున్నాను, డాక్టరమ్మ రోలరు తీస్తోంది, ఫెబా డబ్బాలో సగ్గుబియ్యం పాయసం పట్టుకుని బయట కూర్చుంది. అంతమందిమి ఉన్నాం. ఒక్కరికీ తట్టలేదు.

మూడో సిట్టింగు నాడు, క్రీము రాయకముందు, "అద్దం ఉందా చెల్లెమ్మా?" అనడిగాడు, ఏదో తప్పు చేస్తున్నట్టు. ఇన్నేళ్లూ గడ్డం కూడా చేత్తో తడుముకునే గీసుకునేవాడట. నేను అద్దం ఇచ్చి పక్కకి తిరిగాను. గుంటలు పూర్తిగా పోలేదు, కానీ పూడుతున్నాయి. వెలుగు పక్కనించి పడ్డా నీడలు నిలవడం లేదు.

"మా అమ్మ పోలిక వచ్చిందండీ," అన్నాడు చివరికి, నాకేసి చూడకుండా. "ఇన్నాళ్లూ ఎవరి పోలికో అనుకున్నాను."

నాలుగో సిట్టింగు కూడా అయింది. మరో నెలా పది రోజులకి, ఒక గురువారం సాయంత్రం నాలుగింటికి చివరి ఫొటోకి రమ్మని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. సరిగ్గా ఆ గురువారం పొద్దున్నే షూటింగుకి రమ్మని ముందురోజు కబురొచ్చింది. హీరో మోకాలు బాగయింది.

అక్కడ జరిగింది తర్వాత జేవియరన్న సగం, మేకప్ మ్యాన్ లక్ష్మయ్య సగం చెప్పగా విన్నదే.

జేవియరన్న తెల్లారేసరికి సెట్లో ఉన్నాడు. గళ్ల చొక్కా, అదే జుట్టు, అదే తాయెత్తు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కో-డైరెక్టర్ ల్యాప్‌టాప్‌లో పాత ఫొటోలు పెట్టుకుని ఒక్కొక్కరినీ సరిచూస్తున్నాడు. ఈయన దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"జేవియర్ గారు రాలేదా?"

"నేనేనండీ."

అతను తెర మీదికీ ఈయన మీదికీ నాలుగుసార్లు చూశాడు. "చొక్కా ఆయనదే. మనిషి ఆయన కాదే!"

"అయ్యో, నేనే బాబూ. చూడండి, చొక్కా ఉతకనివ్వలేదు. మీసం కొలిచి ఉంచాను. ఈ ముడి కూడా..."

"ముఖం ఉతికేశారు కదండీ!"

సెట్టంతా ఒక్కసారి నవ్వింది. జేవియరన్న కూడా నవ్వబోయి, మధ్యలో ఆగిపోయాడు. అప్పటికి గానీ ఆయనకి తెలియలేదు. ఏడు నెలలు అన్నీ దాచాడు, ముఖం తప్ప.

డైరెక్టర్ వచ్చి ఫొటో చూశాడు. పాత షాటులో ఎండ పక్కనించి పడుతోంది, ఒక్కో గుంటా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంది. దాని వెనకే ఈ ముఖం పెడితే వేరే మనిషి అనుకుంటారు. ఆయన చెడ్డవాడు కాదు, పని తొందరలో ఉన్నాడు. "జేవియర్, ఏమనుకోకు. ఆ షాటులో పక్కనున్నతను కూడా నీతో పరిగెత్తాడుగా, డైలాగు అతనికిచ్చేద్దాం," అన్నాడు.

ఆ పక్కనున్నతను కూడా మంచివాడే. "వద్దు సార్, అది జేవియరన్న డైలాగు. ఏడు నెలల నించీ మాకందరికీ కంఠతా వచ్చేలా చెబుతున్నాడు," అన్నాడట.

అప్పుడు లక్ష్మయ్య మేకప్ పెట్టె మూత తెరిచి ముందుకొచ్చాడు. అరవై దగ్గరపడ్డ మనిషి.

"అరగంట ఇయ్యుండ్రి సార్. ముప్పై ఏండ్ల సంది గుంటలు పూడ్చుడే నా పని. తవ్వుడు ఎట్లనో ఇయ్యాల్నే చూస్త."

నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. చర్మాన్ని లోపలికి గుంజే గమ్ము ఒకటి ఉంటుందట, దాంతో అయితే నిజం గుంటల్లాగే పడతాయి. సీసా మూత తీసి, ఎందుకో ఆగి, "డాక్టరు ఫోన్ నంబరున్నదా?" అనడిగాడు. అలా ఆ ఫోను నాకొచ్చింది.

"అమ్మా, నేను మేకప్ లక్ష్మయ్యను. మీరు పూడ్చినయి నేను మల్ల తవ్వాలె. గమ్ము వెయ్యొచ్చునా?"

"గమ్మా? జర ఆగుండ్రన్నా, డాక్టరమ్మనడుగుత." అడిగొచ్చి చెప్పాను. "గమ్ము అసలే వద్దంటున్నది. ఉట్టి రంగులైతే పెట్టుకోవచ్చట."

"ఉట్టి రంగులతోని గుంటలా? పానం తీస్తున్నరు కదమ్మా!"

"జేవియరన్న పానం నిలబెట్టుండ్రి ముందుగాల."

అవతల చిన్నగా నవ్వు వినిపించి ఫోన్ ఆగిపోయింది. నేను పటం దగ్గరికెళ్లి నిలబడ్డాను. స్వామీ, ఆయనకి మంచి ముఖం ఇమ్మని ఆరునెలలు అడిగినదాన్ని, ఈ ఒక్కపూటకి పాతది ఇప్పించు అని అడగాల్సొచ్చింది. ఏమనుకున్నాడో.

లక్ష్మయ్య ఫొటో పక్కన పెట్టుకుని లెక్కపెట్టాడు. ఎడమ చెంప మీద ఏడు పెద్దవి, కుడి చెంప మీద అయిదు. ముదురు పెన్సిలుతో గుంట అడుగు, లేత రంగుతో దాని ఒడ్డు, వేలి కొసతో చెరపడం. "ఈ ఏడోది మీసం కింద దాక్కున్నది, చూడు. దొంగది," అని గొణుక్కుంటూ దాన్ని కూడా గీశాడట. అరగంట కాదు, ముప్పావుగంట పట్టింది. డైరెక్టర్ గడియారం చూసుకున్నాడు కానీ ఏమీ అనలేదు. అది కూడా ఒక దయే.

కెమెరా తిరిగింది. మొదటిసారి జేవియరన్న కళ్లలో నీళ్లొచ్చేశాయి. "రౌడీ ఏడుస్తాడేంటయ్యా! మళ్లీ." రెండోసారి గట్టిగా ఊపిరి పీల్చుకుని, "అన్నా, వాడొక్కడే వచ్చాడండీ!" అన్నాడు. కత్తులు పట్టుకున్న గుంపంతా పొట్టలు పట్టుకుంది. మూడోసారి అండీ లేకుండా వచ్చింది. డైరెక్టర్ ఓకే అనేసరికి మూడున్నర.

నాలుగింటికి మా క్లినిక్‌లో ఫెబా ఎదురుచూస్తోంది. సగం రోజు సెలవు పెట్టుకుని వచ్చింది. మొదటి ఫొటో, చివరి ఫొటో పక్కపక్కన పెట్టి వాళ్లమ్మకి చూపించాలని ఆశ. నాన్న డైలాగు సంగతి తెలుసు గానీ, సెట్లో జరిగిందేమీ తెలియదు. నేనే చెబుదామనుకున్నాను. ఈలోపే జేవియరన్న రంగు కడుక్కోకుండా, స్కూటరు మీద పరుగు పరుగున వచ్చేశాడు.

తలుపు తెరుచుకుంది. ఫెబా లేచి నిలబడింది. ఆ పిల్ల ముఖం చూడాల్సింది. నెల నెలా పూడుతూ వచ్చిన ఏడు గుంటలూ మళ్లీ అక్కడే ఉన్నాయి.

"ఆంటీ... మళ్లీ వచ్చేశాయి," అంది, అక్కడే కుర్చీలో కూలబడి. "డాడీ, నిన్ననే లేవుగా! అన్ని సూదులు... అంత భయపడుతూ... అనవసరంగా నేనే నీకు..."

జేవియరన్నకి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. ముఖం మీద రంగుందని మర్చిపోయాడు. "ఏమైందమ్మా? డైలాగు చెప్పేశాను కదా!" అంటున్నాడు.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "జర ఆగు బిడ్డా," అని దూదికి కాస్త కొబ్బరినూనె అద్ది, ఆయన్ని కూర్చోబెట్టి, ఎడమ చెంప మీద ఒక్కసారి తుడిచాను. మూడు గుంటలు దూదిలోకి వచ్చేశాయి.

ఫెబా కళ్లు పెద్దవయ్యాయి. నా చేతిలోంచి దూది లాక్కుంది.

"మెల్లగా అమ్మా," అన్నాడాయన. "లక్ష్మయ్య ముప్పావుగంట కష్టం."

తుడుస్తూనే ఆ పిల్ల అన్నీ అడిగి తెలుసుకుంది. చొక్కా సంగతి, నవ్వుల సంగతి, డైలాగు పక్కవాడికి పోబోయిన సంగతి. అక్కడ చెయ్యి ఆగిపోయింది. "అయితే నా వల్ల పద్దెనిమిదేళ్ల డైలాగు పోయేదా? రేపట్నించి వేషాలు కూడా..."

"పోలేదుగా! గుంటలు లక్ష్మయ్య పెట్టెలో భద్రంగా ఉన్నాయి. కావాల్సినప్పుడు తీసి పెడతానన్నాడు." గొంతు తగ్గించి అన్నాడు. "ఇవాళ ఆయన రంగు పెడుతుంటే అద్దంలో చూశానమ్మా. ఆ పాత ముఖం మీద కూడా కోపం రాలేదు. పాపం, మనల్ని పోషించింది. కానీ ఎప్పుడెప్పుడు కడుక్కుందామా అనిపించింది."

ఫెబా మీసం కింద దాక్కున్న ఏడోదాన్ని వెతికి తుడిచింది.

అప్పటికి డాక్టరమ్మ కెమెరా తెచ్చింది. పాత ఫొటో తీసినప్పుడు ఎలా ఉన్నాడో అలాగే గోడ దగ్గర నిలబడమంది. అదే దూరం, అదే దీపం. "నోరు మూసుకోవాలి జేవియర్ గారూ. మొదటిదాంట్లో నవ్వలేదు. రెండూ ఒక్కలాగే ఉండాలి, లేకపోతే పోల్చలేం."

ఆయన పెదవులు బిగించాడు. మీసం వణికింది. ఇంకోసారి బిగించాడు. వెనక బెంచీ మీద ఎవరి పిల్లవాడో ఆయన అవస్థ చూసి కిలకిలా నవ్వాడు. అంతే, ఆగలేదు.

"కంటిన్యుటీ తప్పిందండీ డాక్టరమ్మా," అన్నాడు పళ్లన్నీ కనపడేలా.

డాక్టరమ్మ అయిదుసార్లు తీసి విసుగెత్తి వదిలేసింది. కొత్తవాళ్లకి చూపించే ఆల్బంలో ఆ జత పెట్టలేదు, లెక్కకి పనికిరాదని. అవి నా బల్ల సొరుగులో, పటం కింద ఉండేవి. తలవంచుకుని వచ్చిన ఏ పిల్లయినా క్రీము పట్టేదాకా మాట్లాడకుండా కూర్చుంటే, ఆ రెండూ తీసి చేతిలో పెట్టేదాన్ని.